తక్‌పట్టీ లేని లెక్క

కాజీపేట నుంచి బెజవాడ వెళ్లే రైలుదారిలో నెక్కొండ, ఇంటికన్నె దాటితే కేసముద్రం. పసుపు, మిర్చి, పత్తి అమ్ముకునే రైతులకు బాగా తెలిసిన ఊరే గాని, విమానాల ముచ్చట వచ్చినప్పుడు ఈ పేరు ఎవరికీ గుర్తుకు రాదు. అయినా తొలినాళ్ల పైలట్లు పటం మీద గీతలు గీసి దారి కనుక్కున్న పనిముట్ల గురించి వాదించుకోవడానికి ఇంతకంటే అనువైన చోటు నాకు తోచలేదు. ఆకాశం నుంచి ఒక ఊరిని వెతికి పట్టుకోవడం ఎంత కష్టమో తెలియాలంటే మహానగరాన్ని కాదు, ఇలాంటి ఊరినే గమ్యంగా పెట్టుకోవాలి. ఇక్కడ మాట్లాడే ఇద్దరూ నేను కల్పించుకున్న మనుషులు. మామ ప్రభుత్వ బడిలో లెక్కలు చెప్పి రిటైరైన సారు. అల్లుడు లైసెన్స్‌డ్ సర్వేయరు, జీపీఎస్ రోవర్‌తో పొలాలు కొలుస్తాడు. వాళ్లు చెప్పే సంగతులు మాత్రం కల్పితాలు కావు. నేను మామ పక్షమని ముందే చెప్పేస్తున్నాను. అందుకే అల్లుడి వాదాన్ని ఎక్కడా పలచన చేయకుండా రాశాను.

అల్లుడు: మామా, నువ్వు చెప్పే పనిముట్లన్నిటి గురించీ చదివాను. పటాన్ని బిగించి, దాని మీద కదిలే చేతికి కోణమాని తగిలించిన బిగ్స్‌వర్త్ బోర్డు. కోణమానినీ సమాంతర రేఖల స్కేలునూ ఒకే చదరపు పలకలో కలిపిన డగ్లస్ ప్రొట్రాక్టర్. అమెరికాలో వీమ్స్ తయారుచేసిన ప్లాటర్. గాలి లెక్క కోసం డాల్టన్ చేసిన జారుడు పలక. చేసినవాళ్లు తెలివైనవాళ్లే, కాదనను. కానీ వాటి కాలం తీరిపోయింది. నా రోవర్‌ను గట్టు మీద నిలబెడితే రెండు మూడు సెంటీమీటర్ల తేడాలో నేనెక్కడున్నానో చెప్తుంది. విమానంలోనూ అంతే, ఎక్కడున్నదీ ఎటు పోతున్నదీ తెర మీద కనబడుతూనే ఉంటుంది. ఇంకా పెన్సిలూ స్కేలూ పట్టుకోమనడం బోరు మోటారు ఉన్న రైతును మోట కొట్టమన్నట్టుంది. మోట మీద గౌరవం ఉండొచ్చు గాని, గౌరవంతో మడి తడవదు.

మామ: మోట దేనికి పుట్టిందో చూడకుండానే పక్కన పెట్టావు అల్లుడా. హైదరాబాదులోని బేగంపేట నుంచి కేసముద్రానికి తిన్నగా గీత గీస్తే 150 కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది. ఉత్తరం నుంచి కుడికి లెక్కపెడితే దాదాపు 80 డిగ్రీల దిశ. 1932 అక్టోబరులో టాటా టపా విమానం మొదలైనప్పుడు వాడిన పస్ మాత్ లాంటి చిన్న విమానాన్ని గంటకు 160 కిలోమీటర్ల వేగంతో నడుపుతున్నామనుకో. దిక్సూచి 80 దగ్గర నిలిచేలా చూసుకుంటూ గంట సేపు పోతే ఊరు రావాలి గదా. రాదు. విమానం నడిచేది గాలిలో, ఆ గాలి తానే కదులుతూ ఉంటుంది. దక్షిణం నుంచి గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే, గంట తిరిగేసరికి నువ్వు నర్సంపేట మీద ఉంటావు. ఎదురుగా పాకాల చెరువు కనబడుతుంది, కేసముద్రం మాత్రం కుడిచేతి వైపు దాదాపు 28 కిలోమీటర్ల దూరాన ఉండిపోతుంది. ఇందులో పైలట్ తప్పు లేదు, దిక్సూచి తప్పూ లేదు. గాలి కంటికి కనబడదు, దిక్సూచికి తెలియదు, అంతే.

ఈ కనబడని దాన్ని కనబడేలా చేయడానికే ఆ పలకలన్నీ పుట్టాయి. విమానం ముక్కు చూపే దిశ, దాని వేగం కలిపి ఒక గీత. గాలి దిశ, వేగం కలిపి ఇంకో గీత. ఈ రెండూ కలిసి నేల మీద నిజంగా పడే జాడ మూడో గీత. మూడు గీతలు ఒక త్రికోణం. కావలసినన్ని తెలిస్తే తెలియనివి కోణమానితో, స్కేలుతో గీసి తేల్చుకోవచ్చు. పై లెక్కలో ముక్కును 80 దగ్గర కాక 91 డిగ్రీల దగ్గర పెడితే సరిగ్గా కేసముద్రం మీదికే వస్తావు. మరి గాలి ఎంతో ఎలా తెలుస్తుంది? కింద పొగ ఎటు వాలుతోందో చూసేవారు. నేల మీది గుర్తులు విమానం కిందుగా ఏ కోణంలో జారిపోతున్నాయో డ్రిఫ్ట్ సైట్ గీతల గుండా కొలిచేవారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలపు బ్రిటిష్ నౌకాదళ వైమానికుడు బిగ్స్‌వర్త్ పేరున్న బోర్డు అయినా, ఆ నౌకాదళానికే సముద్ర పటాలు చేయించిన డగ్లస్ పేరున్న పలక అయినా చేసిన పని ఒకటే. పదో తరగతి పిల్లవాడు నిశ్చలమైన బల్ల మీద గీసే బొమ్మను, చలిలో, మోత మధ్య, ఊగే సీటులో కూర్చున్న మనిషి మోకాళ్ల మీద గీయగలిగేలా చేశాయి. ఆ గీత పడే పటం కూడా త్రికోణాలతో పుట్టిందే. 1802లో లాంబ్టన్ మద్రాసు దగ్గర మొదలుపెట్టిన త్రికోణాల మహా సర్వే కోసం, 1819లో ఆయన సహాయకుడు జార్జ్ ఎవరెస్ట్ కృష్ణా గోదావరుల నడుమ ఉన్న అడవులు కొలుస్తూ తన బృందంతో సహా జ్వరాన పడ్డాడు. కొలతకు మనుషులు చెల్లించిన వెల మన అడవులకు తెలుసు.

అల్లుడు: తొలి పైలట్లే అంత తంటా పడలేదు గదా మామా. చాలామంది రైలు పట్టాలు పట్టుకుని పోయారు. దారి తప్పితే కిందికి దిగి స్టేషన్ బోర్డు చదువుకున్నారు. మన రైలుదారి 1889 నాటికే బెజవాడ దాకా పడింది. సికింద్రాబాదు నుంచి పట్టాల వెంట వచ్చి వరంగల్ దగ్గర కుడికి తిరిగితే కేసముద్రం దానంతట అదే వస్తుంది. త్రికోణం ఎందుకు?

మామ: పట్టాల వెంట వస్తే 190 కిలోమీటర్లకు దగ్గర పడుతుంది, తిన్నగా వస్తే 150 చిల్లర. ఆ కాలపు చిన్న ఇంధన ట్యాంకుకు ఆ తేడా తక్కువది కాదు. మబ్బు కిందికి దిగితే పట్టాలు కనబడవు, చీకటి పడితే కనబడవు, సముద్రం మీద అసలే ఉండవు. ఇక మన వైపు నేల సంగతి చూడు. కాకతీయుల కాలం నుంచి కట్టుకుంటూ వచ్చిన గొలుసుకట్టు చెరువులు పైనుంచి ఒకదానిలా ఒకటి ఉంటాయి. వానకు నిండితే పటంలో ఉన్న ఆకారం మారిపోతుంది. 2024 సెప్టెంబరు మొదటి రోజున ఇంటికన్నెకూ కేసముద్రానికీ మధ్య రైలు కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. చుట్టూ పొలమేదో చెరువేదో తెలియకుండా నీళ్లు నిలిచాయి. అలాంటి రోజున నేలను నమ్ముకున్న వాడికి నేలే అబద్ధం చెప్తుంది. తన గీత తాను గీసుకుంటూ వచ్చినవాడికి, ఇది కేసముద్రం చెరువా ఇంకోటా అని అడిగే ఆధారమైనా ఉంటుంది.

అల్లుడు: నేల అబద్ధం చెప్పొచ్చు. నీ గీత మాత్రం నిజం చెప్పిందా? 1941 ఆగస్టులో బ్రిటన్‌లో బట్ నివేదిక వచ్చింది. రాత్రిపూట జర్మనీ మీదికి బాంబులతో వెళ్లిన విమానాలు తీసిన ఫోటోలను పరిశీలించి రాసిన నివేదిక అది. గురి చేరామని చెప్పుకున్న వాటిలో మూడో వంతు మాత్రమే గురికి 5 మైళ్ల లోపలికి వచ్చాయని తేలింది. పొగ కమ్మిన రూర్ పారిశ్రామిక ప్రాంతంలోనైతే పదింట ఒకటి. వాళ్లందరి దగ్గరా పటం ఉంది, కోణమాని ఉంది, గాలి త్రికోణం గీయడం వచ్చిన నావిగేటర్ ఉన్నాడు. అంతకు నాలుగేళ్ల ముందు, 1937 జులై 2న, పైలట్ అమీలియా ఇయర్‌హార్ట్ హౌలాండ్ దీవిని వెతుకుతూ మాయమైపోయింది. ఆమె పక్కనున్న ఫ్రెడ్ నూనన్ పసిఫిక్ మీద దారులు వేసిన నావిగేటర్. అంతటివాడి పెన్సిలే దారి చూపలేకపోతే, ఆ పెన్సిలుకు ఇంత పూజ ఎందుకు మామా? మనుషుల ప్రాణాలు పోయిన చోట పాత పనిముట్ల అందం గురించి మాట్లాడడం నాకు న్యాయంగా అనిపించదు.

(ఈ ఆక్షేపణ బలమైనది. గీతల పటాలను మెచ్చుకునే పుస్తకాలు చాలావరకు దీన్ని దాటవేస్తాయి. దాటవేస్తే మామ వాదం నిలబడదని నా అభిప్రాయం.)

మామ: అందం గురించి నేను మాట్లాడడం లేదు. బట్ నివేదిక ఏం పట్టుకుందో మళ్లీ చూడు. పైకి ఎగిరాక గంటల తరబడి కొత్త ఆధారం దొరకలేదు. పాత గాలి లెక్కతోనే గీత పొడిగించుకుంటూ పోయారు. ఒక డిగ్రీ దిశ తప్పితే ప్రతి 60 మైళ్లకు ఒక మైలు పక్కకు పోతావని నావిగేటర్లందరికీ తెలుసు. దిశలో ఐదు డిగ్రీల తేడా, 400 మైళ్ల దూరం వేసుకో, ముప్పై మైళ్లు దాటుతుంది. అంటే తాము ఎంత తప్పి ఉండొచ్చో కూడా ఆ పటమే చెప్తోంది. వాళ్ల గీత తప్పలేదనడం లేదు. గీత చివర పెట్టాల్సిన పెద్ద వృత్తాన్ని చెరిపేసి, అక్కడ చుక్క పెట్టి, చేరామని నివేదిక రాశారు. దోషం ఆ చుక్కలో ఉంది. ఫోటోలను పటం మీద పెట్టి కొలిచాకే ఆ దోషం బయటపడింది. బయటపెట్టింది కూడా పటమే.

ఇయర్‌హార్ట్ చివరి సందేశాల్లో ఒకటి నన్ను వదలదు. తాము 157-337 గీత మీద ఉన్నామని, ఆ గీత వెంబడి ఉత్తరానికీ దక్షిణానికీ తిరుగుతున్నామని చెప్పింది. పొద్దున్నే సూర్యుణ్ని చూసి గీసిన ఒక గీత అది. ఒక గీత నువ్వు దాని మీద ఎక్కడో ఉన్నావని మాత్రమే చెప్తుంది. ఎక్కడో తెలియాలంటే దాన్ని ఖండించే రెండో గీత కావాలి. అది రేడియో నుంచి రావాలి, రాలేదు. అంతకు ఆరేళ్ల ముందు, 1931లో, ఫ్రాన్సిస్ చిచెస్టర్ న్యూజిలాండ్ నుంచి టాస్మన్ సముద్రం మీద ఒంటరిగా వెళ్లాడు. జిప్సీ మాత్ అనే చిన్న విమానాన్ని నడుపుతూనే సెక్స్‌టెంట్‌తో సూర్యుణ్ని కొలిచి, బైగ్రేవ్ చేసిన గొట్టం ఆకారపు స్లైడ్ రూల్‌తో లెక్క కట్టి, మొదట నార్ఫోక్ దీవినీ ఆ తరువాత లార్డ్ హౌ దీవినీ పట్టుకున్నాడు. దీవికేసి తిన్నగా పోలేదు. కావాలని ఒక పక్కకు గురిపెట్టాడు. తిన్నగా పోయి దీవి కనబడకపోతే అది కుడివైపుందో ఎడమవైపుందో తెలియదు. కావాలని పక్కకు పోతే తన గీత చేరగానే ఎటు తిరగాలో సందేహమే ఉండదు. తన లెక్క ఎంత తప్పొచ్చో ముందే ఒప్పుకుని, ఆ తప్పునే దారిగా మార్చుకున్నాడు. ఆ పలకల అసలు పని ఇదే అల్లుడా. ఎక్కడున్నావో చెప్పడం సగం పనే. అది నీకు ఎలా తెలిసిందో, ఎంత మేరకు తెలియదో కాగితం మీద పెట్టించడం మిగతా సగం.

అల్లుడు: సరే, ఆ సగం గొప్పదే అనుకుందాం. గంటకు 160 కిలోమీటర్ల విమానంలో ఐదు నిమిషాలు కూర్చుని త్రికోణం గీస్తే పదమూడు కిలోమీటర్లు పోతావు. ఈనాటి జెట్ గంటకు 900 పోతుంది. ఆ ఐదు నిమిషాల్లో డెబ్బై ఐదు కిలోమీటర్లు దాటేస్తుంది. నువ్వు గీత ముగించేసరికి అది చరిత్ర అయిపోతుంది. నావిగేటర్ సీటు కాక్‌పిట్ నుంచి పోయింది ఇందుకే. ఇంకో మాట. 1979 నవంబరు 28న అంటార్కిటికాలో ఎయిర్ న్యూజిలాండ్ విమానం ఎరెబస్ కొండను గుద్దుకుని 257 మంది చనిపోయారు. ఆ కెప్టెన్ ముందు రాత్రి దారిని పటం మీద గీసుకున్నాడు. శ్రద్ధగా గీసుకున్నాడు. ఆ గీత అతన్ని కాపాడలేదు సరిగదా, సముద్రం మీద ఉన్నాననే నమ్మకం ఇచ్చింది.

మామ: కాక్‌పిట్‌లో జెట్ పైలట్‌ను పెన్సిలు పట్టుకోమని నేను ఎప్పుడూ అనను. ఆ వేగానికి ఆ పని యంత్రానిదే, ఇందులో నీతో నాకు తగాదా లేదు. కానీ ఎరెబస్ సంగతి పూర్తిగా చెప్పు. కెప్టెన్ గీసుకున్నది తనకు ఇచ్చిన అంకెలతో. ఆ తరువాత, విమానం బయలుదేరకముందే, కంపెనీ కంప్యూటర్‌లో గమ్యం అంకెలు మార్చారు. దాంతో దారి పాతిక మైళ్ల పైచిలుకు పక్కకు జరిగి కొండ మీదికి వచ్చింది. మార్చామని విమానంలో ఎవరికీ చెప్పలేదు. యంత్రంలోకి వెళ్లిన కొత్త అంకెలను పొద్దున్నే అదే పటం మీద పెట్టి ఉంటే రెండు గీతలు కలవవు, కలవకపోతే మనిషి ఆగుతాడు. అక్కడ ఎక్కువైనది గీత కాదు, ఒక గీత తక్కువైంది. 1983 సెప్టెంబరు 1న కొరియన్ విమానం సోవియట్ గగనంలోకి పోయి 269 మంది బలయ్యారు. దర్యాప్తులో తేలింది ఏమిటంటే, దారి చూపే యంత్రానికి ఆటోపైలట్ కలవలేదు, దిక్సూచి దిశనే పట్టుకుని పోయింది. ఐదు గంటలు కొంచెం కొంచెంగా దారి తప్పుతూనే ఉంది. గంటకొకసారి పటం మీద చుక్క పెట్టి ఉంటే మూడో చుక్కకే తేడా కంటికి కొట్టేది.

అల్లుడు: అవి పాత యంత్రాలు మామా. ఆ కొరియన్ విమానం తరువాతే జీపీఎస్‌ను పౌర విమానాలకూ ఇస్తామని అమెరికా ప్రకటించింది. ఎదురుగా కొండ ఉంటే ముందే అరిచే యంత్రాలు వచ్చాయి. తప్పు జరిగిన ప్రతిసారీ యంత్రం బాగుపడింది. మనిషి చెయ్యి అలా బాగుపడలేదు.

మామ: బాగుపడింది, ఆ మాట నిజం. దాంతోపాటు కొత్త తప్పూ వచ్చింది. 2023 నవంబరు నుంచి 2025 ఫిబ్రవరి దాకా అమృత్‌సర్, జమ్మూ సరిహద్దు ప్రాంతంలోనే జీపీఎస్ సంకేతాల్లో జోక్యం జరిగిన సంఘటనలు 465 అని ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. సంకేతం పోతే తెలుస్తుంది. దొంగ సంకేతం వస్తే తెర మీద విమానం బొమ్మ హాయిగా తప్పుచోట కూర్చుంటుంది. అప్పుడు పైలట్ అడగాల్సిన ప్రశ్న ఏమిటి? పది నిమిషాల కిందట అక్కడున్నాను, ఇంత వేగంతో ఇటు వచ్చాను, ఇప్పుడు అక్కడెలా ఉంటాను? ఈ ప్రశ్నకే పాతవాళ్లు డెడ్ రెకనింగ్ అని పేరు పెట్టారు. విమానంలో దారి చూపే యంత్రం లోపల కూడా ఇదే లెక్క నడుస్తుంది. ఆ లెక్క ఎలా ఉంటుందో తెలిసినవాడికే ఆ అనుమానం వస్తుంది.

నీ పని సంగతే తీసుకో. రోవర్ నిలబెట్టగానే అంకె రాసుకుంటావా? తెర మీద ఫ్లోట్ అని ఉంటే ఆగుతావు, ఫిక్స్ అని వచ్చాకే తీసుకుంటావు. తెలిసిన హద్దురాయి దగ్గర ఒకసారి పెట్టి చూస్తావు. ఆ ఫిక్స్ అనే మాట మీ రోవర్ కంటే ముందే నావికుల నోట ఉంది. రెండు మూడు గీతలు కలిసే చోటును వాళ్లు ఫిక్స్ అన్నారు. మూడు గీతలు పటం మీద సాధారణంగా ఒకే చుక్కలో కలవవు, నడుమ చిన్న త్రికోణం మిగులుతుంది. ఆ త్రికోణం చిన్నదైతే ధైర్యం, పెద్దదైతే జాగ్రత్త. నీ తెర మీద వచ్చే ప్లస్-ఆర్-మైనస్ అంకె ఆ త్రికోణానికి మనవరాలు. భూమి తగాదా వచ్చినప్పుడు కంప్యూటర్‌లో ఎన్ని గుంటలు ఉన్నాయో చెప్తే ఊళ్లో ఎవరైనా ఊరుకుంటున్నారా? గ్రామ నక్ష తియ్యమంటారు, నిజాం కాలపు సర్వే కాగితాలు టిప్పన్, సేత్వార్ తియ్యమంటారు. ఎందుకు? వచ్చిన అంకె ఏ కొలతల మీదుగా వచ్చిందో అందులో ఉంటుంది కాబట్టి.

మన మార్కెట్ యార్డులో చూస్తాం గదా, రైతు చేతిలో డబ్బు పెడితే చాలదు, అమ్మకం లెక్కంతా రాసిన తక్‌పట్టీ కావాలి. ఎన్ని బస్తాలు, కాంటా ఎంత తూగింది, క్వింటాల్ ధర ఎంత, ఏ పేరున ఎంత కోత పడింది. మొత్తం సరిగ్గానే ఉండొచ్చు. కానీ తక్‌పట్టీ లేకపోతే తప్పు ఎక్కడుందో రైతు పట్టుకోలేడు, ఒప్పుంటే ఒప్పని కూడా చెప్పలేడు. పటం మీద పెన్సిలు గీత పైలట్ చేతిలోని తక్‌పట్టీ.

అల్లుడు: దొంగ తక్‌పట్టీలూ ఉంటాయి మామా.

మామ: ఉంటాయి. కాగితం మీద ఉన్న దొంగతనాన్ని చదువుకున్న కూతురు ఇంటికొచ్చి పట్టుకోగలదు. నోటిలెక్కలో జరిగిన దాన్ని ఎవరూ పట్టుకోలేరు.

అల్లుడు: తక్‌పట్టీ పోలిక నాకు నచ్చింది. గీయడం తెలిసినవాడికి తెర మీద అనుమానం వస్తుందన్న మాట కూడా ఒప్పుకుంటాను. నేను ఒప్పుకోనిది ఒకటుంది. ఇదంతా నేర్చుకునే తీరిక ఎవరికుంది? పైలట్ కావాలనుకునే పిల్లలకు ఫీజులు లక్షల్లో ఉంటాయి, గంటలు కొలిచి నేర్పుతారు. ఆ గంటల్ని యంత్రాల మీద పెడితే ఎక్కువ ప్రాణాలు దక్కుతాయి.

మామ: ఆ గంటలు ఇప్పటికే పెడుతున్నారు. వాణిజ్య పైలట్ లైసెన్సుకు ఎయిర్ నావిగేషన్ పేపరు ఈనాటికీ ఉంది. గాలి త్రికోణం లేకుండా అందులో గట్టెక్కలేరు. డాల్టన్ పలక నేటికీ అచ్చు పడుతోంది, అమ్ముడవుతోంది. మన బేగంపేటలోనే వైమానిక దళం నావిగేటర్లకు శిక్షణ ఇచ్చే బడి నడిచింది. కాబట్టి నేనడిగేది పైలట్ల గంటలు కాదు. తొమ్మిది, పది తరగతుల పిల్లల గంట ఒకటి. వాళ్ల జామెట్రీ బాక్సులో కోణమాని ఉంది, విభాగిని ఉంది, మూలమట్టాలున్నాయి. వాటితో పుస్తకంలోని త్రికోణాలే గీస్తున్నారు. తమ ఊరికి ఆకాశంలోంచి దారి గీయొచ్చని వాళ్లకు ఎవరూ చెప్పడం లేదు. మనకు నలభై కిలోమీటర్ల దూరంలో మామునూరు ఉంది. నిజాం కాలంలో కట్టి, 1981లో మూతపడిన ఆ విమానాశ్రయాన్ని మళ్లీ తెరవడానికి 2025లో కేంద్రం అనుమతి ఇచ్చింది. కొత్త టెర్మినల్‌లో ఒక మూల బల్ల వేసి, దాని మీద మన ప్రాంతపు పటం పరిచి, ఒక డగ్లస్ ప్రొట్రాక్టర్, ఒక డాల్టన్ పలక, నాలుగు పెన్సిళ్లు పెట్టమని అడుగుదాం. బడి పిల్లలు వచ్చి బేగంపేట నుంచి కేసముద్రానికి గీత గీసి, ఆ రోజు గాలిని కలిపి, ఎక్కడ తేలతారో చూసుకుంటారు. అర్జీ నేను రాస్తాను, మొదటి సంతకం నాది. రెండోది నువ్వు పెట్టు.

అల్లుడు: పెడతాను. ఆ బల్ల పక్కన ఒక రోవర్ కూడా ఉండాలని అర్జీలో రాయి మామా. పిల్లలు రెండు జవాబులనూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.